శూన్యముచే భాగింపరాదు

గణితమునందలి నాలుగు మూల పరికర్మలలో ధర్మజీవనమునకు మిక్కిలి దగ్గరగా నున్నది భాగహారము. కూడికను, తీసివేతను, హెచ్చవేతను మానవుడు ఒంటరిగా కూర్చుండి తన ధనముతోనే చేసికొనవచ్చును. ధనము పెరుగవచ్చును, తరుగవచ్చును. మరియొకరి ప్రసక్తి లేకయే అది జరుగవచ్చును. భాగహారమునందు అట్లు కాదు. పంచవలసినది యెంత, పంచుకొనువారెందరు, ఒక్కొక్కరికి వచ్చునదెంత అను మూడు ప్రశ్నలును కలిసినగాని ఆ లెక్క ఏర్పడదు. రెండవ ప్రశ్నతో మరియొకడు వచ్చి ఎదుట నిలుచును. ఆ మరియొకనిని లెక్కలోనికి తీసికొనుటయే ధర్మమునకు తొలిమెట్టు.

ఈ భాగహారమును బాలురకు నేర్పునపుడు సున్నను గూర్చి రెండు నియమములు చెప్పుదురు. సున్నను, సున్నకాని యే సంఖ్యచే భాగించినను వచ్చునది సున్నయే. ఏ సంఖ్యనైనను సున్నచే భాగింపరాదు. మొదటి నియమము బాలునకు వెంటనే బోధపడును. బుట్టలో పండ్లు లేనపుడు ఐదుగురు పిల్లలు చేయి చాచినను ఒక్కొక్కరికి దక్కునది ఏమియు లేదు. రెండవ నియమము మాత్రము ఆజ్ఞవలె తోచును. "రాదు" అనగా నేమి? భాగించినచో పాపము వచ్చునా? దండనము కలదా?

నిషేధము రెండు విధములుగా నుండును. చేయగల పనిని చేయవద్దనుట ఒకటి; చేయుటకు వీలులేనిదానిని వీలులేదని తెలుపుట మరియొకటి. అసత్యమాడరాదనుట మొదటి విధము. వంధ్యాపుత్రునకు వివాహము చేయరాదనుట రెండవ విధము. సున్నచే భాగింపరాదను నియమము గణితమున రెండవ విధమునకు చెందినది. అచట పాపపుణ్యముల ప్రసక్తి లేదు, ప్రత్యుత్తరమే లేదు. కాని మానవ వ్యవహారమున ఈ నియమమే మొదటి విధముగా మారును. అది యెట్లు మారునో విచారించుట మిక్కిలి ప్రయోజనకరము.

రైలుబండి లెక్క

నియమముల అర్థము స్పష్టమగుటకు ఒక రైలుబండిని ఉదాహరణముగా గ్రహింపవచ్చును. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునందలి బిలాసపురము రైళ్ళ వలన పెరిగిన పట్టణము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీవారి దారిపై వెలసిన ఈ స్టేషను, 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధానస్థానముగా నున్నది. రైలు పనులకై వచ్చి తరతరములుగా అచటనే స్థిరపడిన తెలుగు కుటుంబములును పెక్కు కలవు. బండ్ల రాకపోకలను బట్టియే దినచర్య సాగు అట్టి ఊరిలో దూరమును వేగముచే భాగించినచో కాలము వచ్చునను సంగతి బడికి పోని వానికిని తెలియును.

బిలాసపురమునుండి రాయపురమునకు రైలుదారిన సుమారు 110 కిలోమీటర్లు. బండి గంటకు 55 కిలోమీటర్లు నడిచినచో 2 గంటలలో చేరును. గంటకు 11 కిలోమీటర్లే నడిచినచో 10 గంటలు పట్టును. ఒక్క కిలోమీటరు చొప్పున ప్రాకినచో 110 గంటలు. పది గంటలకు ఒక్క కిలోమీటరు చొప్పున కదలినచో 1100 గంటలు. వేగము తగ్గినకొలది కాలము పెరుగుచున్నది. ఇప్పుడు బండి పూర్తిగా నిలిచిపోయినది, వేగము సున్న. బండి ఎన్ని గంటలకు రాయపురము చేరును?

"అనంతమైన గంటలకు" అని చెప్పుట పలువురకు అలవాటు. ఈ మాట గంభీరముగా వినబడును గాని సత్యము కాదు. అనంతకాలము గడచిన పిదప బండి చేరుననుటలో "చేరును" అను క్రియయే అసత్యము. నిలిచియున్న బండి చేరదు. ఇంకొక చిక్కును కలదు. బండి వెనుకకు గంటకు ఒక్క కిలోమీటరు చొప్పున జరుగుచున్నదనుకొన్నచో లెక్కలో వచ్చునది ఋణసంఖ్య. అనగా ఆ బండి రాయపురమున ఉండవలసినది 110 గంటలకు ముందు. వెనుక నడక నెమ్మదించినకొలది ఈ ఋణసంఖ్యయు బ్రహ్మాండముగా పెరుగును. ముందునకు నడచు వేగము సున్నకు సమీపించినపుడు ఫలము ఒక దిక్కునకు పరుగెత్తును; వెనుకకు నడచు వేగము సున్నకు సమీపించినపుడు ఫలము ఎదురు దిక్కునకు పరుగెత్తును. నడుమ నున్న సున్నకు ఏ దిక్కు ఇవ్వవలెను? ఇవ్వదగిన సంఖ్య లేదు.

భాగహారమునకు పరీక్ష ఒకటి కలదు. వచ్చిన భాగఫలమును విభాజకముచే హెచ్చించినచో మొదటి విభాజ్యము తిరిగి రావలెను. 2 గంటలను 55చే హెచ్చించిన 110 వచ్చును; లెక్క సరిపోయినది. ఏ సంఖ్యను తెచ్చి సున్నచే హెచ్చించినను 110 రాదు. కావుననే సున్నకాని సంఖ్యను సున్నచే భాగించుట అనిర్వచితమని గణితజ్ఞులు నిర్ణయించిరి.

ఇంకను రెండు సందర్భములు మిగిలినవి. ఒక ప్రయాణికుడు ఇదివరకే రాయపురమున నున్నాడు. పోవలసిన దూరము సున్న, బండి వేగము 55. వానికి పట్టు కాలము సున్న గంటలు. ఇది నిర్మలమైన ఉత్తరము, పరీక్షకు నిలుచును. మరి దూరమును సున్న, వేగమును సున్న అయినచో? 5 గంటలని చెప్పినను పరీక్షకు నిలుచును, 50 గంటలని చెప్పినను నిలుచును. ఏలయన ఏ సంఖ్యను సున్నచే హెచ్చించినను సున్నయే వచ్చును. ప్రతి ఉత్తరమును ఒప్పుకొను పరీక్ష ఏ ఉత్తరమును నిర్ణయింపజాలదు. కావున దీనికి అనిర్ణీతమని పేరు.

ప్రాచీనాచార్యుల మతములు

శూన్యమును సంఖ్యగా గ్రహించి దానికి పరికర్మలు విధించిన కీర్తి భారతీయులది. 628లో బ్రహ్మగుప్తుడు రచించిన బ్రహ్మస్ఫుటసిద్ధాంతమున శూన్యమును కూడుటకు, తీసివేయుటకు, హెచ్చించుటకు నియమములు కలవు. భాగహారమున మాత్రము ఆ మహనీయునకును చిక్కు తప్పలేదు. సున్నను సున్నచే భాగించినచో సున్నయని ఆయన చెప్పెను. ఇతర సంఖ్యను సున్నచే భాగింపవలసి వచ్చినపుడు, క్రింద సున్నగల భిన్నముగానే దానిని విడిచిపెట్టెను.

తొమ్మిదవ శతాబ్దికి చెందిన జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహమున వేరొక మతమును తెలిపెను. సున్నచే భాగించిన సంఖ్య మార్పులేక అట్లే యుండునని ఆయన అభిప్రాయము. ఈ గ్రంథమునే పావులూరి మల్లన తెలుగున పద్యరూపమున సారసంగ్రహ గణితముగా సంతరించి ఆంధ్రులకు అందించెను. పంచుకొనువారెవ్వరును లేనపుడు ధాన్యరాశి ఉన్నచోటనే యుండును గదా యను లోకానుభవము మహావీరుని మాట వెనుక నుండియుండవచ్చును.

1150 ప్రాంతమున భాస్కరాచార్యుడు బీజగణితమున ఇట్టి రాశికి ఖహరమని పేరిడెను. దానికి ఏమి కలిపినను, దానినుండి ఏమి తీసినను వికారము లేదని చెప్పి, సృష్టికాలమున జీవకోట్లు వెలువడినను, ప్రళయకాలమున లయించినను మార్పు చెందని అచ్యుతునితో దానిని పోల్చెను. గణితగ్రంథములందు ఇంత భావగంభీరమైన ఉపమానము అరుదు.

ఈ మతభేదములను చూచి పూర్వులను చులకన చేయుట తగదు. ఎవ్వరును ప్రశ్నింపని కాలమున వారు ప్రశ్నించిరి. నేటి గణితశాస్త్రము సాధారణ సంఖ్యల నడుమ ఇట్టి భాగఫలము లేదని తేల్చినది. ఈ నియమమును మరచినచో పెద్ద యంత్రములును నిలిచిపోవును. 1997 సెప్టెంబరులో అమెరికా నౌకాదళమునకు చెందిన యార్క్‌టౌన్ అను యుద్ధనౌకలో ఒకరు కంప్యూటరునందు ఒకచోట సున్నను నమోదు చేయగా, యంత్రము దానిచే భాగింపబూనినది. దానితో వ్యవస్థ అంతయు స్తంభించి, నౌక చోదకశక్తిని కోల్పోయి సముద్రముపై నిలిచిపోయినది. యంత్రమున జరిగిన కీడు కంటికి కనబడును. మనస్సున జరుగునది అంత త్వరగా కనబడదు.

ఒక స్టేషను కథ

మనస్సున జరుగు ఈ దోషమును గ్రహించుటకు బిలాసపురము స్టేషనే ఒక కథను అందించుచున్నది. రవీంద్రనాథ ఠాకూరు 1918లో వెలువరించిన పలాతక అను సంపుటమున ఫాఁకి అను కథాకావ్యము కలదు. ఆ పేరునకు వంచన యని అర్థము. పాత్రలు కవి కల్పితములు. స్టేషను మాత్రము నిజమైనది.

రోగగ్రస్తయైన బిను అను యువతిని గాలిమార్పునకై భర్త తీసికొనిపోవుచున్నాడు. బిలాసపురమున బండి మారవలెను. ప్రయాణికుల గదిలో ఆరు గంటలు వేచియుండవలసి వచ్చినది. ఆ సమయమున రైలుకూలి భార్యయగు రుక్మిణి అను ఆమెతో బినునకు మైత్రి కుదిరినది. కరవు వలనను, జమీందారు బాధ వలనను స్వగ్రామము విడిచి వచ్చిన దంపతులు వారు. కూతురి పెండ్లికి నగలు చేయించుటకు ఆమెకు 25 రూపాయలు కావలెను. ఆ సొమ్ము పూర్తిగా ఇచ్చిగాని రైలెక్కవద్దని బిను భర్తను కోరినది. తనయొద్ద నూరు రూపాయల నోటే కలదనియు, విడి సొమ్ము లేదనియు అతడు చెప్పగా, స్టేషనులోనే మార్పించవచ్చునని ఆమె బదులు చెప్పినది. భర్త రుక్మిణిని చాటునకు పిలిచి, ప్రయాణికులను మోసగించుచున్నావని గద్దించి, ఉద్యోగము ఊడగొట్టింతునని బెదరించి, ఆమె కాళ్ళపై బడి యేడ్వగా 2 రూపాయలు చేతిలో పెట్టి పంపివేసెను. బిను మాత్రము 25 రూపాయలును ముట్టినవనియే నమ్మినది. రెండు నెలలలో ఆమె మరణించినది. కడపటి దినములను భర్త ప్రేమామృతముతో నింపెనను తృప్తితో కన్నుమూసినది. ఆ తృప్తియందు తాను చేసిన వంచన కలదని అతనికి తెలియును. మరల బిలాసపురమునకు పోయి రుక్మిణి యెక్కడనని అడిగెను. ఎవ్వరికిని తెలియదు. ఎచటికో వెడలిపోయిరని మాత్రము చెప్పిరి.

రెండు ఇరువదియైదగుట

ఈ కథలోని వంచన ఎచట జరిగినది? 25కు బదులు 2 ఇచ్చుట లోభము. లోభము క్షుద్రమైనదే గాని, అది వంచనకు మూలము కాదు. 25 ఇచ్చినట్లును 2 ఇచ్చినట్లును ఒక్కటే యని ఒక మనస్సు ఎట్లు నెమ్మది పొందగలిగినది? అదియే విచారింపవలసిన విషయము.

గణితమున బాలురను తికమకపెట్టు ఒక చమత్కారము కలదు. 2ను సున్నచే హెచ్చించిన సున్న. 25ను సున్నచే హెచ్చించినను సున్న. కావున ఈ రెండు లబ్ధములును సమానములు. ఇరువైపుల నున్న సున్నను కొట్టివేసినచో 2 = 25 అని తేలును. ప్రతి మెట్టును సరిగానే యున్నట్లు కనబడును. దోషమంతయు కడపటి కొట్టివేతలో నున్నది. కొట్టివేయుట యనగా సున్నచే భాగించుటయే. నిషిద్ధమైన భాగహారము కొట్టివేత యను మారువేషమున లోపల ప్రవేశించినది.

భర్త మనస్సున జరిగినదియు ఇదియే. ఇచ్చెడు వాని లెక్కలో పుచ్చుకొను వ్యక్తి సున్న. ఆమె యెవరో కూలి భార్య. ఆరు గంటల పరిచయము. బండి కదలిన పిదప మరల కనబడదు. సున్నకు 2 ఇచ్చినను సున్నయే, 25 ఇచ్చినను సున్నయే. కావున రెండును సమానమే. భార్యకు 25 అని చెప్పినను తప్పు లేదు. రుక్మిణిని ఒక్కతెగా, అనగా 1గా, లెక్కించినచో ఈ సమీకరణము ఒక్క క్షణమైనను నిలువదు. 2ను ఒకటిచే హెచ్చించిన 2, 25ను ఒకటిచే హెచ్చించిన 25. భేదము 23 రూపాయలు కంటి ఎదుట నిలుచును.

లోకమున ఇట్టి లెక్కలు ఎన్నియో జరుగుచున్నవి. పనివానికి దినకూలి తగ్గించి ఇచ్చి పుస్తకమున పూర్తికూలి వ్రాయుచోట, తల్లి లెక్కింపలేదను ధైర్యముతో కొడుకు మనియార్డరును తగ్గించుచోట, ఎదుటివానికి చదువు రాదని ప్రామిసరీ నోటుపై అంకె మార్చుచోట, వ్రాసినవాని మనస్సున మొదట జరుగు క్రియ ఎదుటివాని స్థానమున సున్నను వ్రాయుటయే. అది వ్రాసిన పిదప ఏ రెండు మొత్తములైనను సమానములగును. గణితమున అసాధ్యమైన ఆ భాగహారము హృదయమున సాధ్యమగును. కావుననే హృదయమున అది నిషిద్ధము. "రాదు" అను మాట ఇచట వస్తుస్థితిని తెలుపు వాక్యముగా నుండక ధర్మశాసనముగా మారుచున్నది.

మిగిలిన 23 రూపాయలు

పశ్చాత్తాపముతో తిరిగి వచ్చిన భర్త చేతిలో సొమ్మున్నది, పుచ్చుకొనువారు లేరు. ఇప్పుడతనికి మూడు దారులు తోచును.

మొదటిది, పుచ్చుకొనువారు లేరు గనుక బాకియు లేదనుట. అనగా 23ను సున్నచే భాగించి సున్న యని వ్రాయుట. పరీక్షలో ఇది నిలువదు. సున్నను సున్నచే హెచ్చించిన 23 రాదు. రెండవది, అడుగువారు లేరు గనుక సొమ్ము మార్పులేక తనయొద్దనే యుండవచ్చుననుట. సొమ్ము సంచిలో నుండుట నిజమే. కాని అది శేషమే గాని భాగఫలము కాదు. పంచకుండ మిగిలినదానిని పంచగా వచ్చినదిగా చెప్పుకొనరాదు.

మూడవ దారి సజ్జనులను ఆకర్షించునది గనుక మిక్కిలి ప్రమాదకరము. "నా పాపము అనంతము, దీనికి నిష్కృతి లేదు" అని విలపించుట. ఇందు వినయము కనబడును. లోతుగా చూచినచో ఒక సౌకర్యమును కనబడును. అనంతమైన అప్పును తీర్చుమని ఎవ్వరును అడుగరు. అప్పు అనంతమైన మరుక్షణము అప్పువానికి చేయవలసిన పని లేకుండ పోవును. ఆ తప్పునకు పరిమాణము కలదు: 23 రూపాయలు, ఒక బెదరింపు, ఒక అసత్యము. పరిమాణము గల తప్పును పరిమాణము గలదానిగానే చూచుటకు ధైర్యము కావలెను. అనంతమని ఉబ్బించుటయు, సున్నయని కొట్టివేయుటయు దానిని చూడకుండ తప్పించుకొను ఉపాయములే.

మరి కర్తవ్యమేమి? ఇచట మన బీజగణితము ఒక చక్కని భేదమును నేర్పుచున్నది. శూన్యము వేరు, అవ్యక్తము వేరు. విలువ తెలియని రాశికి ప్రాచీనులు అవ్యక్తమనియు, యావత్తావత్తనియు పేరులిడి, దానికొక గుర్తు నేర్పరచి, లెక్కను కొనసాగించిరి. తెలియనిదానిని లేనిదిగా వారు తలపలేదు. రుక్మిణి ఎచట నున్నదో తెలియదు. ఆమె లేదని యెవ్వరును చెప్పలేదు. కావున ఆమె స్థానమున వ్రాయదగినది అవ్యక్తము. సున్న వ్రాయువాడు లెక్కను మూసివేయును. అవ్యక్తమును వ్రాయువాడు లెక్కను తెరచియుంచి వెదకును, విచారించును, ఆ సొమ్మును తన సొంతమునకు వాడుకొనడు.

ఆ 23 రూపాయలను మరియొక కూలి కూతురి పెండ్లికి ఇచ్చినచో? అది శ్లాఘ్యమైన పని. కాని అది వేరొక లెక్క. దాని ఫలమును రుక్మిణి పేరిట నున్న వరుసలో వ్రాయరాదు. ప్రాయశ్చిత్తమునకు దిగిన పలువురు ఇచటనే పొరపడుదురు. ఒకనికి చేసిన అపకారమును మరియొకనికి చేసిన ఉపకారముతో కొట్టివేయుదురు. ఎదుటనున్న వ్యక్తులు మారవచ్చునను భావన, వారిలో ఎవ్వరును ఒక్కరుగా లెక్కకు రారనుటయే. క్రొత్త లెక్కను సరిగా చేయుటయు, పాత లెక్కను తీరనిదిగా ఒప్పుకొనుటయు ఒకే మనస్సున ఇముడవలెను. ఆ స్త్రీ నిజముగానే గతించి, ఆమె వారెవ్వరును మిగులనిచో, ఉత్తరము వ్రాయవలసినచోట ఖాళీగా విడుచుటయే సత్యము. ఆ ఖాళీ గడిని దినదినమును చూచువాడు తరువాతి లెక్కలలో తొందరపడి సున్న వ్రాయడు.

కోరికల భిన్నము

ఇట్టి విచారమునకు ఒక ఆక్షేపణము రావచ్చును. ఆధ్యాత్మిక గ్రంథములు సున్నచే భాగించుటను ప్రశంసించుచున్నవి గదా యని. థామస్ కార్లైల్ 1833-34 సంవత్సరములలో ప్రకటించిన సార్టర్ రిసార్టస్ అను గ్రంథమున జీవితమును ఒక భిన్నముగా పోల్చెను. పైనున్న అంకె మానవునకు లభించినది. క్రిందనున్న అంకె అతడు కోరునది. పైదానిని పెంచుటకంటె క్రిందిదానిని తగ్గించుట మేలనియు, ఒకటిని సున్నచే భాగించినచో అనంతము వచ్చుననియు ఆయన ప్రతిపాదించెను. వైరాగ్యమును బోధించు ఉపన్యాసములందు ఈ లెక్క నేటికిని వినబడుచునే యున్నది.

కోరిక తగ్గినకొలది తృప్తి పెరుగుట అనుభవసిద్ధము. పది కోరికలలో ఐదు తీరినవాడు సగము తృప్తుడు. కోరికలు ఐదే అయినచో వాడు పూర్ణతృప్తుడు. కాని కోరికయే లేనివానికి తృప్తి ఎంత యని అడుగుటలో అర్థము లేదు. కోరినదానిలో ఎంత వచ్చినదను ప్రశ్నయే అతని విషయమున పుట్టదు. వానిది మిక్కిలి పెద్ద తృప్తి యనుటకంటె, తృప్తిని కొలుచు గజముబద్ద అచట పనిచేయదనుట యుక్తము. అనంతమనగా మిక్కిలి పెద్దదని తలచుట బాలభావము. కొలతకు లోబడనిదని గ్రహించుట వివేకము. భాస్కరుని అచ్యుతోపమానమును ఈ దృష్టితో చూచినచో దాని సొగసు ఇనుమడించును. ఆ ఆచార్యుడు ఖహరమును గొప్పరాశి యని పొగడలేదు. కలుపుట తీయుటల వలన మార్పు లేనిదని చెప్పెను.

వేరొక జాగ్రత్తయు అవసరము. క్రిందనున్న అంకెను తగ్గించుకొను అధికారము ఆ భిన్నము గలవానికే కలదు. తన నగలను తాను వద్దనుకొన్న స్త్రీ విరాగిణి. కూలి కూతురికి నగలెందుకని తీర్మానించు ప్రయాణికుడు విరాగి కాడు. వైరాగ్యము తన కోరికల స్థానమున సున్నను వ్రాయును. క్రౌర్యము ఇతరుల అవసరముల స్థానమున సున్నను వ్రాయును. రెండును ఒకే గుర్తును వాడుటచే చూపునకు ఒక్కటిగా కనబడుచున్నవి.

సాధకుడు భయపడవలసినది మూడవ నియమమునకు. సున్నను సున్నచే భాగించినచో ఏ ఉత్తరమైనను సరిపోవును. ఎవ్వరును లేనిచోట, ఇవ్వవలసినది ఏమియు లేనిచోట, తాను దాతననుకొన్నను పరీక్షకు నిలుచును. తాను కోపమును జయించితిననుకొన్నను నిలుచును. ఏకాంతము సాధనకు అవసరమే. బలము అచట కూడవచ్చును. ఆ బలము ఎంతయో తెలియుటకు మాత్రము విభాజకము కావలెను. అనగా అడుగువాడు, అడ్డుపడువాడు, విసిగించువాడు, బండి దొరకని రాత్రి ప్రక్కన కూర్చున్న అపరిచితుడు కావలెను. ఆరు గంటలు వేచియున్న గదిలో ఆ భర్తకు తన ఔదార్యపు విలువ తెలిసినది. అంతకు పూర్వము ఇంట నున్నప్పుడు అతడు తన్ను ఔదార్యవంతునిగానే తలచియుండవచ్చును.

ఇక మొదటి నియమము బీదలకు అభయము. ఇవ్వదగినది ఏమియు లేనివాడు పదిమంది నడుమ నిలిచినను వాని లెక్క సరియైనదే. పాత్ర ఖాళీయని చెప్పి చేతులు జోడించువానికి దోషము లేదు. సున్నను పదింటిచే భాగించిన సున్నయే. వాడు సిగ్గుపడనక్కరలేదు. సిగ్గుపడవలసినవాడు నూరు రూపాయల నోటును మడచి లోపల పెట్టుకొని విడి సొమ్ము లేదనువాడు.

కావున ఈ నియమములను బాలురకు నేర్పువారు వానిని వట్టి ఆజ్ఞలుగా వల్లింపజేయక, పంచుకొనువారిని చూపించి నేర్పుట మేలు. పెద్దలు వానిని మరల నేర్చుకొనుటయు మేలే. ఇవ్వవలసినది పుచ్చుకొనువారు ఎదుట నున్నప్పుడే ఇచ్చివేయవలెను. బండి కదలిన పిదప ఆ లెక్క మన చేతిలో నుండదు. ఎవరి యొద్ద బాకి యున్నదో వారి చిరునామా తెలియనిచో వెదకవలెను. దొరకనంతకాలము ఆ పుటను చింపక ఉంచుకొనవలెను. నేడు కూలి తీసికొనుటకు గుమ్మము ముందు నిలుచున్నవాని పేరేమో అడిగి తెలిసికొని, పూర్తి సొమ్మును లెక్కించి వాని చేతిలో పెట్టుటతో ఈ అభ్యాసమును ఆరంభింపవచ్చును.